ఒకానొక జ్వరం

గెడ్డవలస ఏరియా ఆసుపత్రికి జ్వరంతో ఎవరొచ్చినా డాక్టర్ హైమావతి నాలుక చాపమనదు, నాడి పట్టుకోదు. ముందు చొక్కా విప్పమంటుంది. ఆడవాళ్ళైతే తెర చాటుకి తీసుకెళ్ళి, స్టాఫ్ నర్సు నూకరత్నం చేతికి టార్చిలైటిచ్చి, చంకలు, నడుం మడతలు, చెవుల వెనక, జుట్టు కింద మెడ, అన్నీ వెతుకుతుంది. పోలీసులు కూడా ఇంత శ్రద్ధగా సోదా చెయ్యరని సంతలో చెప్పుకునేవారు. కొత్తగా వచ్చిన రోగులు బిగుసుకుపోయేవారు గానీ, చుట్టుపక్కల కొండల మీద ఊళ్ళవాళ్ళకి మాత్రం అలవాటైపోయింది. ఆసుపత్రి మెట్లెక్కుతూనే గుండీలు తీసుకునేవారు.

ఆవిడ వెతికేది ఒక మచ్చ కోసం. చుట్ట కొనతో కాల్చినట్టు నల్లగా, గుండ్రంగా ఉండే చిన్న పొక్కు. తుప్పల్లో ఉండే, కంటికి ఆనని పురుగొకటి కుడితే అది లేస్తుంది. నొప్పి పెట్టదు, దురద పెట్టదు, కాబట్టి దాని సంగతే రోగికి తెలియదు. తరవాత జ్వరం పట్టుకుంటుంది. వానలు పడి తుప్పలు పచ్చబడితే చాలు, స్క్రబ్ టైఫస్ అనే ఈ జ్వరం ఊళ్ళ మీద పడుతుంది. చిన్న ఆసుపత్రుల్లో కుర్ర డాక్టర్లు దీన్ని మలేరియా అనుకుని ఒక మందూ, టైఫాయిడ్ అనుకుని ఇంకో మందూ ఇస్తారు. అది లొంగదు. వారం తిరిగేసరికి ఊపిరితిత్తుల మీదకో మెదడు మీదకో పోతుంది. మచ్చ చూసి పోల్చుకుంటే మాత్రం ప్రతి ఆరోగ్య కేంద్రం బీరువాలోనూ పడి ఉండే డాక్సీసైక్లిన్ మాత్ర చాలు. రెండు మూడు రోజుల్లో మనిషి లేచి కూర్చుని అన్నం అడుగుతాడు.

ఇంత చిన్న సంగతి మిగతా డాక్టర్లకి తెలియజెయ్యడానికి ఒక్క సర్క్యులర్ సరిపోతుందని హైమావతి అనుకుంది. ఇరవై ఏళ్ళ సర్వీసు తరవాత కూడా మనిషిలో ఇంత అమాయకత్వం మిగిలి ఉండటం ఆశ్చర్యమే.

ఆరోగ్యశాఖ జాయింట్ డైరెక్టరు చిదంబరం గారు ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"డాక్టర్ గారూ, మీ సేవాభావం శ్లాఘనీయం. కానీ శాఖాపరంగా చూస్తే ఇది ఇంకా జ్వరం కాదు."

"నూట నాలుగు ఉంటుందండీ!"

"నేను ఉష్ణోగ్రత గురించి మాట్లాడటం లేదు. ఆధారం గురించి మాట్లాడుతున్నాను. తోటి నిపుణులు సమీక్షించే పత్రికలో అచ్చయ్యేదాకా అది మీ అభిప్రాయం. అచ్చయ్యాక శాస్త్రం. అభిప్రాయాల మీద సర్క్యులర్లు జారీ చేసే సంప్రదాయం ఈ శాఖలో లేదు."

"ఈలోగా వానలొచ్చేస్తే?"

"వానలు మా శాఖ పరిధిలోకి రావు" అని చిదంబరం గారు లేచి నమస్కారం పెట్టాడు.

చలికాలమంతా హైమావతి ఆ జ్వరం మీద వ్యాసం రాస్తూ కూర్చుంది. మచ్చ ఎక్కడ వెతకాలో, ఏ మాత్ర ఇవ్వాలో, ఎంత తొందరగా ఇవ్వాలో, ఆలస్యమైతే ఏమవుతుందో, అన్నీ రాసింది. వానలకి ముందే అచ్చయి సర్క్యులర్ వస్తే, కొండకి అవతల ఊళ్ళలో ఆ ఏడు చావులు తగ్గుతాయి. ఆవిడకి కావలసింది అదొక్కటే.

"మీ పేరు పెద్దచ్చరాల్లో పడతాదేటమ్మా?" అని అడిగింది నూకరత్నం.

"నా పేరుతో ఏం పని? మచ్చ సంగతి పడితే చాలు."

ఆ మాట ఎవరో విని తథాస్తు అన్నట్టున్నారు.

రాష్ట్రంలో శాఖ నమ్మే పత్రిక ఒక్కటే ఉంది, ఆరోగ్య విజ్ఞాన దర్శిని. దానికి ప్రధాన సంపాదకుడు ఆచార్య మండా భుజంగరావు గారు. అంతకు ముందు ఏడాది ఆ పత్రికకి చెప్పుకోలేని అప్రతిష్ఠ వచ్చింది. పెసరట్టుకీ మధుమేహానికీ గల సంబంధం మీద ఒకాయన రాసిన వ్యాసాన్ని, సమీక్షించిన నిపుణుడు శతాబ్దపు ఆణిముత్యమని మెచ్చుకున్నాడు. తీరా అచ్చయ్యాక చూస్తే రాసినవాడూ, మెచ్చినవాడూ తోడల్లుళ్ళు. వ్యాసం అంకితమిచ్చింది ఉమ్మడి మామగారికి. ఊరంతా నవ్వింది. భుజంగరావు గారు మాత్రం నవ్వలేదు. ఇక మీదట తన పత్రికలో ఎవరు ఎవరో ఎవరికీ తెలియకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

రాసినవాడెవరో సమీక్షకుడికి తెలియకూడదు, సమీక్షకుడెవరో రాసినవాడికి తెలియకూడదు. ఇది లోకంలో పెద్ద పత్రికలన్నిటా ఉన్న నియమమే, మంచి నియమమే. భుజంగరావు గారు దానికి ఇంకొకటి తగిలించాడు. ఆ ఇద్దరూ ఎవరో పత్రికకి కూడా తెలియకూడదు. అందుకని రచయితకో అంకె, సమీక్షకుడికో అంకె ఇచ్చి, ఉత్తరాలు కంప్యూటరే పంపేటట్టు పెట్టారు. వ్యాసాల్లో ఎక్కడా మనిషి వాసన తగలకుండా చూడటానికి గోప్యతాధికారి అనే కొత్త ఉద్యోగం కూడా సృష్టించారు. సమీక్షకుడి మాటని మాత్రం అక్షరం మార్చకుండా, కామా కదపకుండా ఉంచాలన్నారు. రచయితలు అనుమానించదగ్గవాళ్ళనీ, సమీక్షకులు పూజించదగ్గవాళ్ళనీ భుజంగరావు గారి సిద్ధాంతం. అటూ ఇటూ ఉండేది ఆ డాక్టర్లేనన్న సంగతి ఆయనకి తట్టలేదు.

హైమావతి 'రచయిత 41' అయింది. మొదటి ఉత్తరంలో పేరు తొలగించమన్నారు, తొలగించింది. రెండో ఉత్తరంలో ఆసుపత్రి పేరు తొలగించమన్నారు. సబబే అనుకుని అదీ తీసేసింది. మూడో ఉత్తరంలో కొండలు తొలగించమన్నారు. "రాష్ట్రమునందు కొండల మీద పనిచేయుటకు ఇష్టపడు వైద్యులు బహు స్వల్పము. కొండ అనినంతనే రచయితను పోల్చుకొను ప్రమాదము కలదు" అని కారణం చూపించారు. కొండలు పోయాయి. వాటి వెనకే వానాకాలం పోయింది, తుప్పలు పోయాయి, పురుగు పోయింది. మామిడి పూత రాలి పిందెలు పడేవేళకి ఇంకో ఉత్తరం వచ్చింది.

"ఈ జ్వరముపై శ్రద్ధ చూపువారు రాష్ట్రములో ఒక్కరే ఉన్నట్లు తెలియవచ్చుచున్నది. ఆ ఒక్కరు ఎవరో మాకు తెలియదు, తెలిసికొనదలచుకొనలేదు. కావున జ్వరము పేరు తొలగించవలెను."

హైమావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. సెలవు పెట్టి, బస్సెక్కి, రాజధానిలో పత్రిక ఆఫీసుకి వెళ్ళింది.

అక్కడ వరండాలో ఒక పెద్దమనిషి కళ్ళు గట్టిగా మూసుకుని, అటెండరు భుజం మీద చెయ్యి వేసుకుని నడిచొస్తున్నాడు. ఎదురైనవాళ్ళంతా గోడకి అతుక్కుని దారి ఇస్తున్నారు. హైమావతికి జాలేసింది.

"కంటి ఆపరేషనా బాబూ?" అని అటెండరుని అడిగింది.

"కాదండి, ఎడిటర్ గారండి. రచయితలెవరైనా కంటబడతారేమోనని ఆఫీసులో ఇలానే తిరుగుతారండి" అన్నాడు అటెండరు.

ఇంతలో భుజంగరావు గారు మంచినీళ్ళ డ్రమ్ముని గుద్దుకుని, దానికి క్షమాపణ చెప్పి, ముందుకి సాగిపోయాడు.

గోప్యతాధికారి పానకాలు గది చివర్న ఉంది. గుండ్రటి మొహం, మెత్తటి మాట. మనిషి చూడగానే మంచివాడనిపించాడు.

"నమస్కారమండీ. నేను డాక్టర్ హై..."

పానకాలు రెండు చెవుల్లోనూ వేళ్ళు దూర్చేసుకున్నాడు. "చెప్పమాకండి మేడం! పేరు నా చెవిన పడిందంటే వ్యాసం చెల్లదు. మళ్ళా మొదట్నుంచీ పంపుకోవాలి."

"మరి నా వ్యాసం సంగతి మాట్లాడేదెలా?"

"నా వ్యాసం అనమాకండి. ఎవరిదో వ్యాసం అనండి."

హైమావతి పళ్ళు బిగించింది. "సరే. ఎవరో ఒకావిడ..."

"ఆవిడ అనకూడదండి. మనిషి అనండి."

"ఎవరో ఒక మనిషి ఏదో ఒక జ్వరం గురించి రాస్తే, ఆ జ్వరం పేరే తీసెయ్యమంటే, చదివినవాళ్ళకి ఏమర్థమవుతుందండీ?"

"అర్థం చేసుకోవడం సమీక్షకుల పనండి. ఎవరు రాశారో అర్థం కాకుండా చూడటం మా పని. ఎవరి పని వాళ్ళం చేస్తన్నాం." పానకాలు చల్లటి మజ్జిగ తెప్పించి ఆవిడ ముందు పెట్టాడు. "ఇంకో సంగతి కూడా ఉందండి. ఆ ఎవరో మనిషి వాక్యాలు చిన్నచిన్నగా, సూటిగా ఉన్నాయి. మన రాష్ట్రంలో సూటిగా రాసే డాక్టర్లు ఎంతమందుంటారు చెప్పండి? ఇట్టే పట్టేస్తారు. అందుకని భాషా విభాగం చేత తిరగరాయిస్తన్నాం. ఎవరు రాసినా ఒకే మాదిరి ఉండేటట్టు."

హైమావతి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేసింది. "అచ్చు కూడా అలానే వేస్తారా?"

"అయ్యయ్యో, అచ్చులో అన్నీ తిరిగి పెట్టేస్తామండి! పేరు, కొండలు, వానాకాలం, జ్వరం, అన్నీ కంప్యూటరు బీరువాలో భద్రంగా ఉన్నాయి. సమీక్షకుడు ఊఁ అంటే చాలు."

"ఆ సమీక్షకుడెవరండీ?"

"రామరామ! మాకూ తెలవదు. జాబితాలో నిపుణులుంటారు. కంప్యూటరు తన బీరువాలోది చూసి, జ్వరమైతే జ్వరాల నిపుణుడికి, ఎముకలైతే ఎముకల నిపుణుడికి అదే పంపుద్ది. మనిషి చెయ్యి పడదు."

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. అంటే వానలు ఇంకెంతో దూరం లేవన్నమాట. అచ్చులో అన్నీ తిరిగొస్తాయి కదా, ముందు ఈ గండం గట్టెక్కనీ అనుకుని, హైమావతి జ్వరం పేరు కూడా వాళ్ళ చేతిలో పెట్టి తిరుగు బస్సెక్కింది.

మామిడిపళ్ళు సంతకి వస్తున్న రోజుల్లో ఆవిడకి అదే పత్రిక నుంచి మరో రకం ఉత్తరం వచ్చింది. పైన 'సమీక్షకుడు 17 గారికి' అని ఉంది. ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తలో, జ్వరాల మీద వ్యాసాలు వస్తే చూసిపెడతానని ఒక జాబితాలో పేరిచ్చింది. ఇచ్చిన సంగతి ఆవిడ మర్చిపోయింది గానీ కంప్యూటరు మర్చిపోలేదు. ఒక వ్యాసం జతచేసి, వెంటనే సమీక్షించి పంపమని ప్రార్థించారు. అవుట్‌పేషెంట్లని చూడటం పూర్తయ్యాక హైమావతి అది తెరిచి, నూకరత్నానికి వినబడేలా పైకి చదివింది.

"ఒకానొక ప్రాంతమునందు, ఒకానొక ఋతువునందు, కొందరు వ్యక్తులు ఒకానొక అస్వస్థతకు లోనగుట గమనింపబడినది. వారిలో కొందరి శరీరములందు, ఒకానొక భాగమున, ఒకానొక లక్షణము కనుగొనబడినది. వారికి ఒకానొక ఔషధము ఒసగబడినది. పిమ్మట కొందరు కోలుకొనిరి. కొందరు కోలుకొనలేదు. కావున సకాలమున తగిన చర్య గైకొనుట మేలని భావింపబడుచున్నది."

"ఇదేటమ్మా, రాజుగారి కతలాగుంది?" అంది నూకరత్నం.

"కథైతే చివర పెళ్ళైనా ఉంటుంది. ఇందులో అదీ లేదు."

పత్రికవాళ్ళు ముసుగులు వేస్తారని హైమావతికి గుర్తు రాకపోలేదు. తన వ్యాసానికీ వేశారు కదా. కానీ ఎంత ముసుగేసినా తన వ్యాసం మరీ ఇంత దరిద్రంగా ఉండదని ఆవిడ గట్టి నమ్మకం. పైగా, రాసినవాళ్ళ చేతికే దిద్దమని ఇచ్చే పిచ్చివాళ్ళు ఉంటారని ఆవిడ ఊహించలేదు. వానలు తరుముకొస్తుంటే తన వ్యాసాన్ని ఎక్కడో తొక్కిపెట్టి, ఇలాంటి చెత్త చదివించి కాలం వృథా చేస్తున్నారని ఒళ్ళు మండిపోయింది. కూర్చుని, ఆ మంటంతా కలంలోకి దింపింది.

"ఇది వ్యాసం కాదు, దాగుడుమూతలు. రాసిన వ్యక్తి జీవితంలో ఒక్క రోగినైనా ముట్టుకున్నాడా అని అనుమానం కలుగుతోంది. జ్వరం గురించి రాసేవారు ఎలా రాయాలో ఒక ఉదాహరణ ఇస్తున్నాను. కొండ ప్రాంతాల్లో వానాకాలంలో ఎవరైనా జ్వరంతో వస్తే చొక్కా విప్పించండి. చంకల్లో, గజ్జల్లో, నడుం మడతల్లో, చెవుల వెనక వెతకండి. చుట్టతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్. పరీక్షల ఫలితాల కోసం ఆగకండి. వెంటనే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టండి. మీరు ఆగిన ప్రతి రోజూ రోగి ప్రాణం మీదకి వస్తుంది. ఇలా నాలుగు ముక్కలు సూటిగా రాయడం చేతకానివారు కలం ముట్టుకోకపోవడమే దేశానికి మంచిది. తిరస్కరించడమైనది."

చదివి వినిపిస్తే, దేశం మాట దగ్గర నూకరత్నం పకపకా నవ్వింది. హైమావతి దాన్ని పంపేసి, చెయ్యి కడుక్కుని, తృప్తిగా ఒక మామిడిపండు తింది.

తొలకరి పడ్డ రోజునే 'రచయిత 41'కి తీర్పు వచ్చింది. వ్యాసాన్ని తిరస్కరించారు. కింద సమీక్షకుడి మాటలు యథాతథంగా జతచేశారు.

"దాగుడుమూతలట! చూశావా నూకరత్నం, ఎంత పొగరో!" అంది హైమావతి. "నేను రోగిని ముట్టుకోలేదట! పొద్దున్నించి ఈ చేతుల్తో వెతుకుతూనే ఉన్నాను, వీడి నోరు పడిపోను! ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని..." ఆవిడ ఇంకో రెండు వరుసలు చదివింది. "చొక్కా విప్పించమంటున్నాడు. అయితే కాస్త తెలిసినవాడే." మరో రెండు వరుసలు చదివింది. "చుట్టతో కాల్చినట్టు... చక్కగా రాశాడే! ఇంత తెలిసినవాడు నా వ్యాసాన్ని ఎందుకు కాదన్నట్టు?"

నూకరత్నం టార్చిలైటు బల్ల మీద పెట్టింది. "అమ్మా, ఇది మొన్న మామిడిపండు తిన్నరోజు మీరు రాసిందే గదమ్మా. దేశానికి మంచిదన్నారు, నేను నవ్వినాను."

హైమావతి కాగితం మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చదివింది. తరవాత పత్రిక ఆఫీసుకి ఫోన్ చేసింది.

"పానకాలు గారూ, నా వ్యాసాన్ని నాకే పంపారండీ! నేనే దాన్ని తిరస్కరించాను!"

అవతల కుర్చీ కిర్రుమంది. "మేడం, నేను వినలేదు. మీరు చెప్పలేదు" అన్నాడు పానకాలు గబగబా. ఆ వెనకే ఫోను ఎవరో లాక్కున్నట్టయింది. భుజంగరావు గారి గొంతు గంభీరంగా మోగింది.

"అమ్మా, మీరెవరో నాకు తెలియదు, తెలుపవద్దు. కానీ మీరు పలికిన విషయం నిజమైతే, ఇది పత్రికా చరిత్రలో సువర్ణ ఘట్టం. తన వ్యాసాన్ని తానే గుర్తించలేనంత గోప్యత! ఏ విదేశీ పత్రిక సాధించిందమ్మా ఇది?"

"సార్, వానలు మొదలయ్యాయి. మనుషులు చచ్చిపోతారు. ఆ తీర్పు నాదే కాబట్టి నేనే వెనక్కి తీసుకుంటున్నాను."

"రచయిత తాను రచయితనని ప్రకటించుకొంటే వ్యాసం చెల్లదు. సమీక్షకుడు తాను సమీక్షకుడనని ప్రకటించుకొంటే సమీక్ష చెల్లదు. మీరు రెండూ చేయబోతున్నారు. నేను ఏమియూ వినలేదు" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. పెట్టేముందు ఆయన ఆనందంగా నిట్టూర్చడం మాత్రం స్పష్టంగా వినబడింది.

నెల తిరక్కుండా కొండ అవతలి ఊరి నుంచి లైకోను అనే మనిషిని డోలీలో మోసుకొచ్చారు. అక్కడి ఆరోగ్య కేంద్రంలో మలేరియా అని మందిస్తూ వచ్చారు. అప్పటికే ఊపిరి ఎగబీలుస్తున్నాడు. హైమావతి అతని చొక్కా విప్పి చూసింది. ఎడమ చంకలో మచ్చ ఉంది, గుడ్డివాడికైనా చేతికి తగిలేంత స్పష్టంగా. మాత్రకి బదులు ఇంజెక్షన్లు ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, చెయ్యగలిగిందంతా చేసింది. సాయంత్రానికి అతను పోయాడు. "జొరమేగదా అనుకున్నామమ్మా" అంటూ అతని పెళ్ళాం డోలీ గుడ్డ మడతపెట్టుకుంటుంటే హైమావతి అక్కడ నిలబడలేకపోయింది. లోపలికెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. కాదన్నది తన చెయ్యే అన్న మాట ఆవిడని కుదురుగా కూర్చోనివ్వలేదు. అవతల ఆరోగ్య కేంద్రానికి తనే ఫోన్ చేసి మచ్చ సంగతి చెబితే, అక్కడి కుర్ర డాక్టరు మర్యాదగానే, "సర్క్యులర్ ఏదైనా ఉందా మేడం?" అని అడిగాడు.

అలాంటి రోజుల్లో ఆవిడకి రాజధాని రమ్మని ఉత్తర్వు వచ్చింది. దర్శిని పత్రిక ఆ ఏడు కొత్తగా ఉత్తమ సమీక్షా పురస్కారం ఇస్తోంది. హాలు నిండాలి కాబట్టి ప్రతి ఆసుపత్రి నుంచీ ఒక డాక్టరు విధిగా హాజరు కావాలి. హైమావతి తిట్టుకుంటూ వెళ్ళి చివరి వరసలో కూర్చుంది.

వేదిక మీద చిదంబరం గారూ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని భుజంగరావు గారూ కూర్చున్నారు. మధ్యలో ఎర్ర ముఖమల్ కుర్చీ ఖాళీగా ఉంది.

"ఈ పురస్కార గ్రహీత ఎవరో మాకు తెలియదు" అని భుజంగరావు గారు గర్వంగా మొదలుపెట్టాడు. "ఒకానొక నాసిరకపు వ్యాసాన్ని ఈ మహానిపుణుడు చీల్చి చెండాడిన తీరు భావితరాలకు ఆదర్శం. అందుకే ఆ సమీక్షను అక్షరం మార్చకుండా ఈ సంచికలో మొదటి పేజీలో అచ్చువేశాము."

చప్పట్ల మధ్య ఖాళీ కుర్చీకి శాలువా కప్పారు. దండ వేశారు. జ్ఞాపిక దాని ఒళ్ళో పెట్టి ఫోటో తీయించుకున్నారు. హైమావతి పక్కనున్న డాక్టరు చేతిలోంచి సంచిక దాదాపు లాక్కుంది. చొక్కా విప్పించండి, చంకల్లో వెతకండి, నల్లటి పొక్కు, డాక్సీసైక్లిన్. అన్నీ ఉన్నాయి. కొండలూ ఉన్నాయి, వానాకాలమూ ఉంది.

చిదంబరం గారు మైకు అందుకున్నాడు. "ఈ విషయం ఇప్పుడు అచ్చయింది. సమీక్షింపబడిన వ్యాసం కంటే సమీక్షయే ఉన్నతమైన ఆధారమని శాఖ భావిస్తోంది. ఈ అజ్ఞాత మహనీయుని సూచనలను అనుసరించి రాష్ట్రంలోని ఆరోగ్య కేంద్రాలన్నిటికీ ఈరోజే సర్క్యులర్ జారీ చేశామని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను."

హాలంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది హైమావతి. ఆవిడ కళ్ళు చెమర్చాయి గానీ చివరి వరసలోకి ఎవరు చూస్తారు?

భోజనాల దగ్గర పానకాలు ఒక సంచీ పట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డాడు. మొహం అటు తిప్పుకునే మాట్లాడాడు.

"మీరెవరో నాకు తెలవదండి. ఆ కుర్చీ ఎవరిదో కూడా తెలవదు. ఒక్కమాట మాత్రం చెప్తాను, ఏమనుకోమాకండి. ఆ పేరు బయటికొచ్చిందా, సమీక్ష రద్దు. సమీక్ష రద్దయితే సర్క్యులర్ రద్దు. అందుకని ఆ మనిషెవరో గానీ, నోరు మెదపకపోతేనే పదిమందికీ మంచిది." సంచీ ఆవిడ చేతిలో పెట్టాడు. "శాలువా మిగిలిపోయిందండి. మీ కొండల్లో చలికి పనికొస్తది." అని, నాలిక కరుచుకుని, "కొండలు నేననలేదు" అంటూ జనంలో కలిసిపోయాడు.

మరో పక్షానికి గెడ్డవలసకి మెమో వచ్చింది. హైమావతి అదీ నూకరత్నానికి చదివి వినిపించింది.

"సర్క్యులర్ జారీ అగుటకు పూర్వమే సదరు మాత్రలను మీరు విరివిగా రోగులకు ఇచ్చినట్లు స్టాకు తనిఖీలో తేలినది. ఆధారము లేని కాలమున ఆధారము ఉన్నట్లు ప్రవర్తించుట క్రమశిక్షణారాహిత్యము. అజ్ఞాత నిపుణులు ఎంతో శ్రమించి కనుగొన్న విషయమును మీరు ఏ అధికారముతో ముందుగా తెలిసికొంటిరో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను. - జాయింట్ డైరెక్టరు."

"ఓలమ్మా, ఇదెక్కడి నాయం!" నూకరత్నం చెంపలు నొక్కుకుంది. "రాసీండమ్మా, ఆ నిపునులు నేనేనని రాసీండి. ఆల నోళ్ళు మూతపడిపోతాయి."

హైమావతికి రాయాలనే ఉంది. ఒక్క వాక్యం రాస్తే చాలు, చిదంబరం గారి మొహం ఎలా మారుతుందో కళ్ళకి కడుతోంది. కాగితం ముందుకి లాక్కుని 'ఆ నిపుణులు' దాకా రాసింది కూడా.

అప్పుడే గుమ్మంలో ఒక కుర్రాడు నిలబడ్డాడు. వాళ్ళ ఊరు కొండకి అవతల, లైకోను ఊరి పక్కనే.

"జ్వరమా బాబూ? చొక్కా విప్పు" అంది హైమావతి అలవాటుగా.

"ఇప్పక్కర్నేదమ్మా" అన్నాడు కుర్రాడు. "మా ఆసుపత్రిలో డాట్రుబాబు మొన్ననే ఇప్పించీసినాడు. మచ్చ సూసినాడు, మాత్రలిచ్చినాడు. జొరం దిగిపోనాది. సంతకొచ్చినాను గదా అని, ఓపాలి మిమ్మల్ని సూసి ఎల్దారని."

హైమావతి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. అన్నం తింటున్నావా అని అడిగింది. రెండు పూటలా తింటున్నానన్నాడు. కాసేపటిదాకా ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు.

కుర్రాడు వెళ్ళాక పాత కాగితం చింపేసి కొత్తది తీసింది. "పొరపాటు జరిగినది. అధికారము లేకుండా ముందుగా తెలిసికొన్నందుకు చింతిస్తున్నాను. ఇక మీదట అజ్ఞాత నిపుణులు చెప్పిన ప్రకారమే నడచుకొందునని హామీ ఇస్తున్నాను" అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి, ఆసుపత్రి ముద్ర వేసింది.

ఆ జ్వరం మీద శాఖ తెరిచిన ఫైలులో హైమావతి పేరున్న కాగితం అదొక్కటే.